వ్యవసాయ పంపుసెట్ల రియాక్టివ్ పవర్: మీటరు లెక్క, బిల్లు లెక్క

సారాంశం

వ్యవసాయ పంపుసెట్లను నడిపే ఇండక్షన్ మోటార్లు విద్యుత్ లైను నుంచి రెండు రకాల సామర్థ్యాన్ని తీసుకొంటాయి. నీటిని తోడే పనికి వినియోగమయ్యేది వాస్తవ సామర్థ్యం. మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని నిలపడానికి అవసరమయ్యేది రియాక్టివ్ పవర్. సాధారణ మీటరు మొదటిదానిని మాత్రమే నమోదు చేస్తుంది. హెచ్.పి. ప్రాతిపదికన ఛార్జీ ఉన్న చోట, ఉచిత సరఫరా ఉన్న చోట బిల్లు ఈ రెండింటిలో దేనినీ చూడదు. అందువలన కెపాసిటర్ అమర్చుకొన్న రైతుకు బిల్లులో ఏ లాభమూ కనిపించదు. ఆ లాభం ట్రాన్స్‌ఫార్మర్‌లోను, లైనులోను, పొరుగు రైతుల మోటార్లకు అందే వోల్టేజిలోను కనిపిస్తుంది. మీటరింగ్, బిల్లింగ్ పద్ధతులు రియాక్టివ్ పవర్‌ను ఎట్లా లెక్కిస్తున్నాయో, దానిని బట్టి విస్తరణ కార్యక్రమాలలో రైతుకు ఏమి చెప్పాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

ప్రస్తావన

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో బోరు బావుల కింద సేద్యం విస్తారంగా జరుగుతున్నది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్‌పై నాలుగైదు మోటార్లు నడుస్తూ, వేసవి పంట కాలంలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, అది మారే వరకు పైరు ఎండే పరిస్థితి గ్రామాలలో తరచుగా ఎదురవుతుంది. ఇందుకు అధిక లోడు కారణమని అందరూ అంటారు. ఆ అధిక లోడులో కొంత భాగం నీరు తోడటానికి ఏ మాత్రం పనికిరాని ప్రవాహమనీ, తక్కువ ఖర్చుతో దానిని తగ్గించవచ్చుననీ గుర్తించేవారు తక్కువ.

దీనికి పరిష్కారమైన షంట్ కెపాసిటర్ కొత్తది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 మే నెలలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించారు. తరువాత ఆ సదుపాయానికి విధించిన నియమాలలో నాలుగు పొదుపు చర్యలు ఉన్నాయి: ఘర్షణ లేని ఫుట్‌వాల్వు, తగిన కెపాసిటర్, హెచ్.డి.పి.ఇ. లేదా ఆర్.పి.వి.సి. పైపులు, ఐ.ఎస్.ఐ. గుర్తు గల పంపుసెట్టు. వీటిలో ఫుట్‌వాల్వు, పైపులు, పంపుసెట్టు వాస్తవ సామర్థ్యాన్ని ఆదా చేస్తాయి. కెపాసిటర్ ప్రధానంగా రియాక్టివ్ పవర్‌ను సరిదిద్దుతుంది. విస్తరణ సందేశంలో ఈ తేడా స్పష్టంగా కనిపించాలి.

వాస్తవ సామర్థ్యం, రియాక్టివ్ పవర్

ఏకాంతర విద్యుత్తులో వోల్టేజి, ప్రవాహం సెకనుకు 50 సార్లు తమ చక్రాన్ని పూర్తి చేస్తాయి. హీటరు వంటి పరికరంలో ఈ రెండూ ఒకే దశలో ఉంటాయి. అక్కడికి వెళ్లిన శక్తి అంతా ఉష్ణంగా మారుతుంది. ఇండక్షన్ మోటారులో ప్రవాహం వోల్టేజి కంటే వెనుకబడుతుంది. చక్రంలో కొంత సేపు మోటారు అయస్కాంత క్షేత్రంలోకి శక్తిని తీసుకొంటుంది, మరి కొంత సేపు దానిని తిరిగి లైనులోకి పంపుతుంది. ఈ రాకపోకలలో నికర వినియోగం లేదు. కాని వాటిని మోసే ప్రవాహం మాత్రం తీగలో నిజంగానే ఉంటుంది.

పూర్వం మోట కొట్టేటప్పుడు ఎడ్లు బాటలో ముందుకు నడిస్తే నీరు పైకి వచ్చేది. వెనుకకు నడిచినప్పుడు నీరు రాదు. అయినా అవి వెనుకకు రాకపోతే బాన మళ్లీ బావిలోకి దిగదు. రియాక్టివ్ పవర్ కూడా అటువంటిదే. అది పంట కాలువలో నీరుగా కనిపించదు, కాని అది లేకుండా మోటారు తిరగదు. ఆ రాకపోకలు దూరాన ఉన్న సబ్‌స్టేషన్ నుంచి జరగాలా, మోటారు పక్కనే ఉన్న కెపాసిటర్ నుంచి జరగాలా అన్నదే ప్రశ్న.

వాస్తవ సామర్థ్యాన్ని కిలోవాట్లలోను, రియాక్టివ్ పవర్‌ను కె.వి.ఎ.ఆర్. లోను కొలుస్తారు. లైను, ట్రాన్స్‌ఫార్మర్ మోయవలసిన మొత్తాన్ని దృశ్య సామర్థ్యం అంటారు. దీని ప్రమాణం కె.వి.ఎ. ఈ మూడూ లంబకోణ త్రిభుజపు భుజాల వంటివి. కిలోవాట్ల వర్గానికి కె.వి.ఎ.ఆర్. వర్గాన్ని కూడి వర్గమూలం తీస్తే కె.వి.ఎ. వస్తుంది. కిలోవాట్లను కె.వి.ఎ.తో భాగిస్తే వచ్చేదే పవర్ ఫ్యాక్టర్.

మోటారు అయస్కాంత క్షేత్రానికి కావలసిన రియాక్టివ్ పవర్ లోడుతో పెద్దగా మారదు, వాస్తవ సామర్థ్యం మాత్రం లోడుతో మారుతుంది. అందుచేత పూర్తి లోడు వద్ద 0.8 ప్రాంతంలో ఉండే పవర్ ఫ్యాక్టర్ లోడు సగానికి తగ్గితే గణనీయంగా పడిపోతుంది. అవసరానికి మించిన హెచ్.పి. గల మోటారును బిగించిన చోట, పలుమార్లు రీవైండింగ్ చేయించిన మోటారు నడుస్తున్న చోట పవర్ ఫ్యాక్టర్ తక్కువగా ఉండటానికి అవకాశం ఎక్కువ.

మీటరు ఏమి కొలుస్తుంది?

1889లో హంగేరీ ఇంజనీరు ఓటో బ్లాతీ ఏకాంతర విద్యుత్తుకు ఇండక్షన్ మీటరును రూపొందించాడు. అల్యూమినియం పళ్లెం తిరిగే మీటర్లు ఈ సూత్రంపైనే శతాబ్దానికి పైగా ఇళ్లలోను, మిల్లులలోను పనిచేశాయి. ఆ పళ్లెంపై పడే భ్రామకం వోల్టేజి, ప్రవాహం, పవర్ ఫ్యాక్టర్ల లబ్ధానికి అనులోమంగా ఉంటుంది. అంటే అది వాస్తవ సామర్థ్యానికే స్పందిస్తుంది. వోల్టేజికి 90 డిగ్రీలు వెనుకబడిన ప్రవాహం ఎంత ఉన్నా పళ్లెం కదలదు. వాట్‌రహిత ప్రవాహం అన్న పేరు దానికి అందుకే వచ్చింది.

ప్రస్తుత స్టాటిక్ మీటరు వోల్టేజి, ప్రవాహాలను సెకనుకు వేల సార్లు నమూనా తీసి, గుణించి, కూడుతుంది. ఒక దశకు 90 డిగ్రీల మార్పు చేసి అదే గణన జరిపితే రియాక్టివ్ శక్తి కూడా తెలుస్తుంది. ఈ విధంగా వాస్తవ, రియాక్టివ్, దృశ్య విలువలు మూడింటినీ నమోదు చేసేది ట్రైవెక్టర్ మీటరు. భారతీయ ప్రమాణాలలో వాస్తవ శక్తిని కొలిచే స్టాటిక్ మీటర్లకు ఐ.ఎస్. 13779, ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా పనిచేసే ఖచ్చితమైన మీటర్లకు ఐ.ఎస్. 14697, స్మార్ట్ మీటర్లకు ఐ.ఎస్. 16444 వర్తిస్తాయి.

ట్రైవెక్టర్ మీటరు గరిష్ఠ డిమాండును కూడా నమోదు చేస్తుంది. ఇది ఒక క్షణపు విలువ కాదు. 15 లేదా 30 నిమిషాల వ్యవధిలో సగటు కె.వి.ఎ.ను లెక్కించి, నెలలో వచ్చిన అటువంటి సగటులలో అత్యధికమైన దానిని మీటరు నిలుపుకొంటుంది. మోటారు ఆరంభ ప్రవాహం కొన్ని సెకన్లు మాత్రమే ఉంటుంది కనుక ఈ సగటుపై దాని ప్రభావం స్వల్పం.

బిల్లింగ్ పద్ధతులు

2003 విద్యుత్ చట్టంలోని 62వ సెక్షన్ మూడవ ఉపవిభాగం ప్రకారం నియంత్రణ మండలి వినియోగదారుల పవర్ ఫ్యాక్టర్‌ను బట్టి ఛార్జీలలో తేడా చూపవచ్చు. ఆచరణలో బిల్లింగ్ నాలుగు విధాలుగా కనిపిస్తుంది.

మొదటిది కిలోవాట్-గంటల బిల్లింగ్. యూనిట్ అని వాడుకలో ఉన్నది కిలోవాట్-గంటే. గృహ వినియోగదారులలో అత్యధికులకు ఇదే పద్ధతి. ఇందులో పవర్ ఫ్యాక్టర్ ఎంత తగ్గినా బిల్లు మారదు.

రెండవది కిలోవాట్-గంటలకు తోడు అపరాధ రుసుము. నెలలో నమోదైన కిలోవాట్-గంటలను కె.వి.ఎ.-గంటలతో భాగించి సగటు పవర్ ఫ్యాక్టర్ కనుగొంటారు. అది నిర్ణీత స్థాయి కంటే తగ్గితే సర్‌ఛార్జి విధిస్తారు.

మూడవది కె.వి.ఎ.-గంటల బిల్లింగ్. రెండు తెలుగు రాష్ట్రాలలో హెచ్.టి. వినియోగదారులకు ఈ పద్ధతి అమలులో ఉన్నది. ఇందులో ప్రత్యేకంగా సర్‌ఛార్జి అవసరం లేదు. పవర్ ఫ్యాక్టర్ తగ్గితే యూనిట్ల సంఖ్యే పెరుగుతుంది. డిమాండు ఛార్జీ కూడా కె.వి.ఎ.పైనే. నమోదైన గరిష్ఠ డిమాండు, ఒప్పంద డిమాండులో 80 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై డిమాండు ఛార్జీ లెక్కిస్తారు.

ఉదాహరణకు ఒక శీతల గిడ్డంగి గరిష్ఠ లోడు 100 కిలోవాట్లు, నెల వినియోగం 40,000 కిలోవాట్-గంటలు అనుకొందాం. పవర్ ఫ్యాక్టర్ 0.8 అయితే డిమాండు 125 కె.వి.ఎ., బిల్లులో చేరేది 50,000 యూనిట్లు. దానిని 0.96కు పెంచితే డిమాండు 104 కె.వి.ఎ.కు, బిల్లు యూనిట్లు సుమారు 41,670కు తగ్గుతాయి. ఇందుకు కావలసినది దాదాపు 46 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్లు. గిడ్డంగి చేసిన పనిలో మార్పు లేదు, అయినా నెలకు 8,330 యూనిట్ల ఛార్జీ మిగిలింది. ఈ బిల్లింగ్ ఉన్న చోట కెపాసిటర్ గురించి ఎవరూ ప్రత్యేకంగా నచ్చజెప్పనవసరం లేదు. బిల్లే ఆ పని చేస్తుంది.

నాలుగవది మీటరు లేని సరఫరా. 1980వ దశకం నుంచి వ్యవసాయ కనెక్షన్లకు హెచ్.పి.ని బట్టి ఛార్జీ ఉండేది, 2004 తరువాత అది ఉచిత సరఫరాగా మారింది. ఈ దశలో రైతుకు అందే బిల్లు వాస్తవ సామర్థ్యాన్ని గాని, రియాక్టివ్ పవర్‌ను గాని ప్రతిఫలించదు. కెపాసిటర్ ఉన్నదా లేదా అన్నది తనిఖీలో తెలియాలే తప్ప లెక్కలో తెలియదు.

అంతర్రాష్ట్ర గ్రిడ్‌లో పరిస్థితి వేరు. గ్రిడ్ కోడ్ ప్రకారం అక్కడ రియాక్టివ్ శక్తి ఛార్జీ వోల్టేజిని బట్టి ఉంటుంది. వోల్టేజి 97 శాతం కంటే తగ్గినప్పుడు రియాక్టివ్ శక్తిని తీసుకొన్న రాష్ట్రం చెల్లించాలి, ఇచ్చిన రాష్ట్రం పొందుతుంది. వోల్టేజి 103 శాతం దాటినప్పుడు ఇది తారుమారవుతుంది. అంటే పొలంలో ఎవరి లెక్కలోనూ చేరని రియాక్టివ్ పవర్ పై స్థాయిలో లెక్కకు వస్తుంది.

ఐదు హెచ్.పి. పంపుసెట్టు: ఒక గణన

5 హెచ్.పి. మోటారు దక్షత 85 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.8, టెర్మినళ్ల వద్ద వోల్టేజి 415 అనుకొందాం. మోటారు షాఫ్టుపై ఇచ్చేది 3.73 కిలోవాట్లు, లైను నుంచి తీసుకొనేది 4.39 కిలోవాట్లు. ఈ రకం మోటారుకు సాధారణంగా సిఫారసు చేసే 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్‌ను అమర్చినప్పుడు వచ్చే మార్పులు ఇవి:

వాస్తవ సామర్థ్యం: ముందు 4.39 కిలోవాట్లు; తరువాత 4.39 కిలోవాట్లు
లైను నుంచి రియాక్టివ్ పవర్: ముందు 3.29 కె.వి.ఎ.ఆర్.; తరువాత 1.29 కె.వి.ఎ.ఆర్.
దృశ్య సామర్థ్యం: ముందు 5.49 కె.వి.ఎ.; తరువాత 4.57 కె.వి.ఎ.
పవర్ ఫ్యాక్టర్: ముందు 0.80, తరువాత 0.96
లైను ప్రవాహం: ముందు 7.6 ఆంపియర్లు, తరువాత 6.4 ఆంపియర్లు
8 గంటలకు కిలోవాట్-గంటలు: ముందు 35.1, తరువాత 35.1
8 గంటలకు కె.వి.ఎ.-గంటలు: ముందు 43.9, తరువాత 36.6

మోటారుకు సాధారణ మీటరు బిగించినా కెపాసిటర్ వలన యూనిట్లు తగ్గవని పై లెక్క చెబుతున్నది. కె.వి.ఎ.-గంటలు కొలిచే మీటరు అయితే రోజుకు 7 యూనిట్లకు పైగా తేడా చూపుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్, లైను వద్ద లాభం

ఇటువంటి మోటార్లు ఐదు ఒక 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్‌పై ఉన్నాయనుకొందాం. కెపాసిటర్లు లేనప్పుడు మొత్తం లోడు 27.4 కె.వి.ఎ. ఇది ట్రాన్స్‌ఫార్మర్ స్థాయిని మించినది. కెపాసిటర్లు ఉంటే 22.9 కె.వి.ఎ. మాత్రమే. ఈ రెండు సందర్భాలలోనూ పొలానికి చేరిన నీరు ఒకటే. తీగచుట్టలో పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమం కనుక, అది మొదటి సందర్భంలో పూర్తి లోడు వద్ద ఉండవలసిన దానికంటే 20 శాతం ఎక్కువ, రెండవ సందర్భంలో 16 శాతం తక్కువ. వేసవిలో పరిసర ఉష్ణోగ్రత కూడా హెచ్చుగా ఉంటుంది కనుక ఇన్సులేషన్ మన్నికకు ఈ తేడా ముఖ్యమైనది.

లైనులోనూ ఇదే సూత్రం. ఈ ఐదు మోటార్లూ ఒక ఎల్.టి. లైను చివరన ఉండి, ఒక్కొక్క ఫేజు నిరోధం 0.5 ఓమ్ అయితే, లైనులో వృథా అయ్యే సామర్థ్యం కెపాసిటర్లు లేనప్పుడు సుమారు 2.18 కిలోవాట్లు, ఉన్నప్పుడు 1.52 కిలోవాట్లు. నష్టంలో 30 శాతం తగ్గుదల వచ్చింది. రోజుకు 8 గంటల చొప్పున ఇది దాదాపు 5.3 యూనిట్లు, నూరు రోజుల పంటకాలంలో 530 యూనిట్లు. ఇవి వాస్తవ కిలోవాట్-గంటలే అయినా ఏ రైతు మీటరులోనూ నమోదు కావు.

వినియోగాన్ని అంచనా వేసేటప్పుడు ఈ అంశం మరింత సూక్ష్మంగా పరిశీలించదగినది. మీటర్లు లేని చోట ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్ల ఎల్.టి. వైపు మీటర్లు పెట్టి వ్యవసాయ వినియోగాన్ని లెక్కగడతారు. ఆ మీటరు మోటార్లు తీసుకొన్న శక్తితో పాటు లైనులో వృథా అయిన శక్తిని కూడా కొలుస్తుంది. వృథాను విడిగా లెక్కించి తీసివేయకపోతే అది రైతు వాడకంగా నమోదవుతుంది. పవర్ ఫ్యాక్టర్ తక్కువైన కొద్దీ ఈ పొరపాటు పెరుగుతుంది.

ప్రవాహం తగ్గినప్పుడు లైనులో వోల్టేజి పతనం కూడా తగ్గుతుంది. లైను చివరి రైతుకు ఇది అన్నిటికంటే విలువైన లాభం. వోల్టేజి పడిపోతే ఇండక్షన్ మోటారు అదే పని చేయడానికి ఎక్కువ ప్రవాహం తీసుకొంటుంది. ఆ ప్రవాహం వోల్టేజిని ఇంకా తగ్గిస్తుంది. వైండింగ్ కాలిపోవడానికి ఇది దారితీస్తుంది.

కెపాసిటర్ ఎంపిక, అమరిక

1. సాధారణ సిఫారసు 3 హెచ్.పి. మోటారుకు 1, 5 హెచ్.పి.కి 2, 7.5 హెచ్.పి.కి 3 కె.వి.ఎ.ఆర్. ఎక్కువ పెడితే ఎక్కువ లాభం అనుకోరాదు. మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు తీసుకొనే రియాక్టివ్ పవర్‌లో 90 శాతాన్ని కెపాసిటర్ మించకూడదు. మించితే సరఫరా ఆగిన తరువాత కూడా తిరుగుతున్న మోటారు స్వయం ఉత్తేజంతో ప్రమాదకరమైన వోల్టేజిని పుట్టించవచ్చు.

2. కెపాసిటర్‌ను స్టార్టరు తరువాత, మోటారు వైపు కలపాలి. అప్పుడు అది మోటారుతో పాటు లైనులోకి వచ్చి, మోటారుతో పాటు తొలగుతుంది. స్టార్టరుకు ముందు కలిపితే మోటారు ఆగినప్పుడు కూడా కెపాసిటర్ లైనులోనే ఉండిపోతుంది.

3. ఓవర్‌లోడ్ రిలే తరువాత కెపాసిటర్ కలిపితే రిలే గుండా పోయే ప్రవాహం తగ్గుతుంది. పై ఉదాహరణలో 7.6కు బదులు 6.4 ఆంపియర్లు. రిలే అమరికను ఆ మేరకు తగ్గించకపోతే మోటారుకు రక్షణ బలహీనపడుతుంది.

4. సబ్‌మెర్సిబుల్ పంపులకు కెపాసిటర్ పైన పెట్టెలోనే ఉంటుంది. కనుక బోరులోకి దిగిన కేబుల్‌లో ప్రవాహం తగ్గదు. ఆ కేబుల్ మందాన్ని మోటారు పూర్తి ప్రవాహానికి తగినట్లే ఎంచుకోవాలి.

5. కెపాసిటర్ ఇచ్చే రియాక్టివ్ పవర్ వోల్టేజి వర్గానికి అనులోమం. 415 వోల్టులకు 2 కె.వి.ఎ.ఆర్. ఇచ్చేది 350 వోల్టుల వద్ద 1.42 మాత్రమే ఇస్తుంది. అవసరం ఎక్కువైన లో వోల్టేజి సమయంలోనే దాని తోడ్పాటు తగ్గుతుంది. అందుచేత ఒక్క మోటారుకు పెట్టిన కెపాసిటర్ వలన వచ్చే మార్పు స్వల్పం. ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నిటికీ పెట్టినప్పుడే ఫలితం కనిపిస్తుంది.

6. సరఫరా ఆపిన తరువాత కూడా కెపాసిటర్‌లో ఆవేశం నిలిచి ఉంటుంది. విసర్జన నిరోధకం ఉన్న దానినే వాడాలి. బిగింపు, మరమ్మతు పనులను శిక్షణ పొందిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి.

కెపాసిటర్ పరిష్కరించలేని సమస్య కూడా ఒకటి ఉన్నది. ఆటో స్టార్టర్లు ఉన్న చోట సరఫరా రాగానే మోటార్లన్నీ ఒకేసారి మొదలవుతాయి. ఆరంభ ప్రవాహం పూర్తి లోడు ప్రవాహానికి అనేక రెట్లు ఉంటుంది. ఆ తాకిడిని 2 కె.వి.ఎ.ఆర్. కెపాసిటర్ ఆపలేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైన సందర్భంలో ఆటో స్టార్టర్లను తొలగించుకోవాలని రైతులను కోరడానికి భూగర్భజల సంరక్షణతో పాటు ఇది కూడా సంబంధమున్న అంశమే.

విస్తరణ కార్యకర్తలు చెప్పవలసినది

కెపాసిటర్ పెడితే కరెంటు బిల్లు తగ్గుతుందని వ్యవసాయ కనెక్షన్ గల రైతుకు చెప్పడం సరికాదు. ఉచిత సరఫరాలో తగ్గడానికి బిల్లే లేదు, సాధారణ మీటరులో యూనిట్లు తగ్గవు. నీరు ఎక్కువ వస్తుందని చెప్పడమూ సరికాదు. వోల్టేజి మెరుగైన మేరకు మాత్రమే పంపు పనితీరు మెరుగవుతుంది. ఫలించని వాగ్దానం చేస్తే రైతు కెపాసిటర్‌నే కాక, తరువాత వచ్చే సలహాను కూడా నమ్మడు.

చెప్పదగిన మాట వేరు. ఇది ఒక్క రైతు పొదుపు కాదు, ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులందరి ఉమ్మడి రక్షణ. ఖర్చు ఒకరిది, లాభం అందరిది అయినప్పుడు ఎవరికి వారు ముందుకు రాకపోవడం సహజం. అందుచేత ప్రదర్శన యూనిట్‌గా ఒక రైతును కాక, ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను ఎంచుకోవాలి. దాని కింది మోటార్లన్నిటికీ ఒకే రోజున కెపాసిటర్లు బిగించి, ముందు, తరువాత టాంగ్ టెస్టరుతో ప్రవాహాన్ని, లైను చివర వోల్టేజిని రైతుల ఎదుటనే కొలిచి చూపాలి. ఆంపియర్లు తగ్గడం కంటికి కనిపించే నిదర్శనం.

ఇదే పరీక్ష తనిఖీకి కూడా ఉపకరిస్తుంది. కెపాసిటర్ డబ్బా బిగించి ఉన్నంత మాత్రాన అది పనిచేస్తున్నదని చెప్పలేము. దానిని కలిపినప్పుడు, తొలగించినప్పుడు లైను ప్రవాహంలో తేడా లేకపోతే అది చెడిపోయినట్లే. పంటకాలం ఆరంభంలో ఒకసారి ఈ పరీక్ష జరపడం మంచిది.

ముగింపు

2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యవసాయ విద్యుత్తుకు నగదు బదిలీ విధానాన్ని ప్రకటించి, శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా మీటర్ల అమరిక చేపట్టింది. వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు ఉండాలా అన్నది విధాన నిర్ణయం. దానిపై భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. సాంకేతికంగా మాత్రం ఒక విషయం స్పష్టం. కిలోవాట్-గంటలు మాత్రమే చదివే మీటరు పెట్టినంత మాత్రాన రియాక్టివ్ పవర్ లెక్కలోకి రాదు. రియాక్టివ్ విలువలను కూడా నమోదు చేసే మీటరు ట్రాన్స్‌ఫార్మర్ వద్ద ఉన్నా చాలు, ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద కెపాసిటర్లు అవసరమో గుర్తించవచ్చు. రైతుపై కొత్త ఛార్జీ వేయకుండానే ఆ సమాచారాన్ని విస్తరణకు వాడుకోవచ్చు. బిల్లు చూడని నష్టాన్ని కొలత ద్వారా రైతుల ముందుంచడం ఈ రంగంలో విస్తరణ శాస్త్రవేత్తలు చేపట్టదగిన పని.